కారు లోయర్ ఆర్మ్ బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి అనంతపురం వెళ్తున్నాం. దేవనహళ్ళి దాటి కారు వేగం అందుకున్నాక, బ్రేకు నొక్కిన ప్రతిసారీ స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోంది. చిక్కబళ్ళాపురం దగ్గర ఒక హంప్ దిగుతుంటే కాళ్ళ కింద ఎక్కడో "టక్" మని ఒకే ఒక్క దెబ్బ వినిపించింది. ఆ శబ్దం నాకు కొత్త కాదు. అది విని లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి చట్రానికి కలిసేచోట ఉండే రబ్బరు భాగాలు, మార్పించి అప్పటికి ఎనిమిది నెలలే అయింది.

తిరిగి వచ్చాక కారు ఎత్తి చూశాను. రెండు వైపులా వెనక బుష్ రబ్బరు ఒకే చోట, ఒకే దిశలో చీలి ఉంది. కుడిదాన్ని అద్దంలో చూస్తే ఎడమది కనిపించినట్టుంది. రబ్బరు నాసిరకమైతే చీలికలు ఇంత పద్ధతిగా పడవు. గ్యారేజీలో పని జరుగుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి కారణం వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. కారు లిఫ్ట్ మీద ఉండగా, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేశారు. ఈ పనిలో జరిగే తప్పుల్లో అతి పెద్దది అదే. బయటికి ఏమీ కనిపించదు. కారు బాగానే నడుస్తుంది. రబ్బరు మాత్రం మొదటి రోజు నుంచే చిరగడం మొదలుపెడుతుంది.

రెండోసారి ఆ పని నేనే మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేసుకున్నాను. చక్రం మార్చడం, బ్రేకు ప్యాడ్లు మార్చడం వంటి పనులు ఇప్పటికే చేసినవారు రెండు రోజుల సెలవులో దీన్ని కూడా చేయగలరు. ఇంతవరకు జాకీ ముట్టుకోనివారు దీనితో మొదలుపెట్టవద్దు.

బుష్ లోపల ఏముంది

మన దేశంలో తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందువైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసిన నిలువు భాగం) ఉంటుంది. ఒక్కో చక్రానికి కింద ఎల్ ఆకారంలో ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. అదే లోయర్ ఆర్మ్. దాని బయటి కొసన బాల్ జాయింట్ (అన్ని వైపులా తిరిగే గుండ్రని కీలు), లోపలి వైపు కారు చట్రానికి కలిసేచోట రెండు బుష్‌లు. ముందు బుష్ చిన్నది, గట్టిది. మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పడే అడ్డ బలాన్ని ఎక్కువగా అదే మోస్తుంది. వెనక బుష్ పెద్దది, మెత్తనిది. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడ్డప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే బలం దీని మీదకు వస్తుంది. అందుకే దీని రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు. కొన్ని కార్లలో లోపల ద్రవం కూడా నింపుతారు. బెంగళూరులో ముందుగా పోయేది సాధారణంగా ఈ వెనక బుష్షే. సిల్క్ బోర్డు నుంచి మారతహళ్ళి వరకు ఒక వానాకాలం రోజూ తిరిగిన కారుకు ఎన్ని గుంతలు తగిలి ఉంటాయో లెక్క వేసుకుంటే ఆ రబ్బరు మీద జాలి కలుగుతుంది.

బుష్ నిర్మాణం చూడటానికి సులువు. లోపల ఒక ఉక్కు గొట్టం, బయట ఒక ఉక్కు తొడుగు, మధ్యలో రబ్బరు. ఆ రబ్బరు రెండు లోహాలకూ అంటుకుపోయి ఉంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు వెళ్తుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం చట్రానికి కదలకుండా పట్టుకుంటుంది. ఇక ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు ఏదీ జారదు, ఏదీ తిరగదు. రబ్బరు మాత్రమే మెలిపడి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుందాం. కారు ఎత్తితే చక్రం 9 సెంటీమీటర్లు కిందికి వేలాడిందనుకుందాం. అంటే ఆర్మ్ దాదాపు 15 డిగ్రీలు వాలింది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం అవుతుంది. కారు నేల మీదకు దిగిన క్షణం నుంచి రబ్బరు 15 డిగ్రీలు మెలిపడి ఉంటుంది. ఇంటి ముందు ఆగి ఉన్నా, రాత్రంతా నిద్రపోతున్నా ఆ మెలి విడవదు. ఆ పైన ప్రతి గుంతా, ప్రతి హంపూ ఇంకొంత మెలిపెడుతుంది. అందుకే చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి.

అరిగింది బుష్షేనా?

శబ్దం విని భాగం మార్చేస్తే డబ్బు వృథా అయ్యే అవకాశం ఎక్కువ. సన్న గతుకుల మీద వరుసగా "టకటక" మంటే చాలాసార్లు స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే స్టెబిలైజర్ బార్ చివర ఉండే చిన్న కడ్డీ) కారణం. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పినప్పుడు మూలుగులా వినిపిస్తే స్ట్రట్ పైన ఉండే మౌంట్‌నో దాని బేరింగ్‌నో చూడాలి. బుష్ పోయినప్పుడు శబ్దం సాధారణంగా ఒక్క దెబ్బగా వస్తుంది. బ్రేకు నొక్కిన తొలి క్షణంలో, రివర్స్ నుంచి ముందుకు కదిలినప్పుడు, హంప్ దిగేటప్పుడు. దానితో పాటు బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగడం, హైవే మీద తిన్నగా నిలవకుండా చిన్న చిన్న సవరింపులు అడగడం, టైరు ఒక అంచున త్వరగా అరగడం ఉంటే అనుమానం బలపడుతుంది.

నిర్ధారణకు ఇద్దరు కావాలి. సమతలం మీద కారు నిలిపి, మీరు కారు బయట పక్కగా, చక్రానికి దూరంగా కూర్చుని టార్చి వేసి ఆర్మ్ వైపు చూడండి. లోపల కూర్చున్నవారు ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి మెల్లగా కదిలిస్తూ బ్రేకు వేయాలి. మంచి బుష్ ఉంటే ఆర్మ్ కొద్దిగా మాత్రమే కదిలి ఆగుతుంది. చీలిన బుష్ ఉంటే ఆర్మ్ వెనక కొస ఒక్కసారి పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది.

తరువాత కారును జాకీ స్టాండ్ల మీద నిలిపి, పొడవాటి ఇనుప కడ్డీని ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య పెట్టి నెమ్మదిగా నెట్టండి. పైపైన సన్నని వెంట్రుకల్లాంటి పగుళ్ళు వయసు గుర్తులు, వాటికి భయపడనక్కరలేదు. రబ్బరు లోహం నుంచి విడిపోయి సందు తెరుచుకున్నా, చీలిక లోపలిదాకా వెళ్ళినా, ద్రవం కారిన మరక కనిపించినా మార్చాల్సిందే. బుష్ మీద ఇంజిన్ ఆయిల్ కారుతున్నట్టుంటే ముందు ఆ లీకు సంగతి చూడండి. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కొత్త బుష్‌కూ అదే గతి పడుతుంది.

బుష్ మాత్రమేనా, ఆర్మ్ మొత్తమా?

కారు ఎత్తినప్పుడే బాల్ జాయింట్‌ను కూడా పరీక్షించండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ దగ్గర వదులు కనిపించినా, రబ్బరు టోపీ చిరిగి గ్రీజు బయటికి వచ్చినా ఆర్మ్ మొత్తం మార్చడమే మంచిది. చాలా చిన్న కార్లలో బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. మొదటిసారి చేసేవారికి నా సలహా కూడా అదే. కొత్త ఆర్మ్‌లో బుష్‌లు కర్మాగారంలోనే సరైన దిశలో ఎక్కించి ఉంటాయి. ఈ పనిలో సగం కష్టం బుష్‌ను నొక్కి ఎక్కించే ప్రెస్ దగ్గరే ఉంటుంది, అది తప్పిపోతుంది. బాల్ జాయింట్ గట్టిగా ఉండి, ఆర్మ్ వంగకుండా, తుప్పు తినకుండా ఉంటే బుష్‌లు మాత్రమే మార్చడం అర్థవంతం. ఏది చేసినా రెండు వైపులా ఒకేసారి చేయండి. ఒక వైపు కొత్త రబ్బరు, మరో వైపు అలసిన రబ్బరు ఉంటే బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలు రెండు రకాలుగా స్పందిస్తాయి.

విడి భాగాలకు బెంగళూరులో జె.సి. రోడ్డు ఉండనే ఉంది. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా దుకాణాలే. చాలాచోట్ల తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబు వస్తుంది. ఆర్.సి. ఫోటో ఫోనులో ఉంచుకోండి. కారు పేరు చెబితే సరిపోదు. ఒకే పేరుతో వచ్చిన కారుకు సంవత్సరాన్ని బట్టి, డీజిలా పెట్రోలా అన్నదాన్ని బట్టి బుష్ కొలత మారుతుంది. ఛాసిస్ నంబరు చూపి పార్ట్ నంబరు తీయించుకోండి. పనికిరాని పాత ఆర్మ్‌లకు కొత్త రబ్బరు ఎక్కించి రంగు వేసి అమ్మేవి కూడా బజారులో ఉంటాయి. రంగు కింద సుత్తి దెబ్బల గుర్తులు, బాల్ జాయింట్ చుట్టూ వెల్డింగు కనిపిస్తే వదిలేయండి.

పాలీయురేథేన్ బుష్‌లు కొనమని కొందరు చెబుతారు. అవి గట్టివి, నూనెకు తట్టుకుంటాయి, స్టీరింగ్ చురుకుగా ఉంటుంది. కానీ గుంత తగిలినప్పుడు ఆ దెబ్బలో ఎక్కువ భాగం చట్రానికి చేరుతుంది, చప్పుడూ పెరుగుతుంది. మన రోడ్ల మీద కుటుంబంతో తిరిగే కారుకు కంపెనీ రబ్బరే సరైనదని నా అభిప్రాయం.

చోటు, సామాను

పని శనివారం ఉదయం మొదలుపెట్టండి. జె.సి. రోడ్డులో చాలా దుకాణాలు ఆదివారం మూసి ఉంటాయి. నట్టు ఒకటి చెడితే శనివారం మధ్యాహ్నం మెట్రోలో కె.ఆర్. మార్కెట్ దగ్గర దిగి టౌన్ హాల్ వైపు నడిచి తెచ్చుకోవచ్చు. కారు స్టాండ్ల మీద ఉంటుంది కాబట్టి వెళ్ళడానికి మెట్రోయో బస్సో తప్పదు. బేస్‌మెంట్ అయితే సంఘంవారికి ముందుగా చెప్పి, గోడ పక్కన, ర్యాంపుకు దూరంగా ఉన్న చదునైన కాంక్రీటు నేల ఎంచుకోండి. టైల్స్ మీద, ఇంటర్‌లాక్ ఇటుకల మీద స్టాండ్లు పెట్టవద్దు.

కనీసం 2 టన్నుల ట్రాలీ జాకీ, రెండు జాకీ స్టాండ్లు కావాలి. కారుతో వచ్చిన మడత జాకీ పంక్చరు కోసమే. పక్కనే కట్టుబడి సైటు ఉంటుంది కాబట్టి సిమెంటు దిమ్మెలు తెచ్చి పెట్టేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. సిమెంటు దిమ్మె బీటలివ్వకుండా ఒక్కసారిగా పగిలిపోతుంది. కింద మనిషి ఉన్నప్పుడు ఒక్క క్షణం కూడా మిగలదు.

సాకెట్ సెట్‌లో 17, 19 సైజులు ఎక్కువగా అవసరమవుతాయి. యూరోపియన్ కార్లకు 16, 18 కూడా ఉంచుకోండి. అర అంగుళం డ్రైవ్ ఉన్న పొడవాటి హ్యాండిల్, టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో, అంటే టార్క్ ఎంతో, చూపే పానా), బాల్ జాయింట్ విడదీసే పుల్లర్, కిలోన్నర సుత్తి, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, తెల్ల మార్కర్, కొలత టేపు, కంటి అద్దాలు. టార్క్ రెంచ్ లేకుండా మొదలుపెట్టవద్దు. చిన్న కార్లలో ఈ బోల్టుల బిగింపు తరచు 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మీ కారుకు కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి. కొన్ని కార్లలో ముందు కొంత టార్క్ ఇచ్చి, ఆపైన 90 డిగ్రీలు తిప్పమంటారు. అలాంటి బోల్టులు ఒకసారి వాడినవి మళ్ళీ వాడకూడదు. విడి భాగాలతో పాటు అవి కూడా కొని ఉంచండి.

ఎత్తే ముందు

ముందు రోజు రాత్రే బోల్టుల మరలకు స్ప్రే కొట్టండి. బుష్ రబ్బరు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

ఉదయం చేయాల్సిన మొదటి పని కొలవడం. కారు మామూలుగా నేల మీద ఉండగా, చక్రం నడిమధ్య నుంచి నిలువుగా పైకి ఫెండర్ అంచు వరకు ఎంత దూరం ఉందో రెండు వైపులా కొలిచి రాసుకోండి. నా కారులో అది 37 సెంటీమీటర్లు. ఈ ఒక్క అంకె సాయంత్రం మీకు ఎంతగా పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

వెనక చక్రాలకు రెండు పక్కలా దిమ్మెలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచండి. చక్రాల నట్లు నేల మీద ఉండగానే ఒక అర చుట్టు వదులు చేయండి. కంపెనీ చూపించిన జాకీ పాయింట్ల దగ్గరే ఎత్తి, స్టాండ్లు పెట్టి, కారును చేతులతో గట్టిగా ఊపి చూడండి. కదిలితే ఇప్పుడే కదలాలి. ముందు రెండు చక్రాలూ ఒకేసారి ఎత్తడం మేలు. ఒక్క వైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఆర్మ్‌ను తోస్తూ ఉంటుంది, లింకు విప్పేటప్పుడు ఎగిరి తగులుతుంది. విప్పిన చక్రాన్ని కారు గుమ్మం కింద పడుకోబెట్టండి. స్టాండ్ తప్పినా కారు దాని మీద ఆగుతుంది.

ఆర్మ్ విప్పడం

విప్పేముందు ఫోటోలు తీయండి. ఏ బోల్టు ఏ వైపు నుంచి వచ్చిందో సాయంత్రానికి గుర్తుండదు. ఆర్మ్ బోల్టులు బయటికి రావడానికి చోటు ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. కొన్ని కార్లలో ఒక బోల్టుకు గేర్‌బాక్స్ అడ్డం వస్తుంది. అప్పుడు ఇంజిన్ మౌంటో, సబ్‌ఫ్రేమో దించాలి. అది ఇంట్లో చేసే పని కాదు. తెలిస్తే అక్కడే ఆగి గ్యారేజీకి తీసుకెళ్ళడం వివేకం.

స్టెబిలైజర్ లింకు ఆర్మ్‌కే తగిలించి ఉంటే దాన్ని ముందు విడదీయండి. నట్టుతో పాటు లోపలి కడ్డీ తిరుగుతుంటే దాని చివర అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి.

తరువాత బాల్ జాయింట్. కొన్ని కార్లలో దాని కాడను పక్క నుంచి ఒక బోల్టు బిగించి పట్టుకుంటుంది. ఆ బోల్టును పూర్తిగా బయటికి తీయాలి, ఎందుకంటే అది కాడ మీద గాడిలో కూర్చుని ఉంటుంది. కాడను పట్టుకున్న ఇనుములోని చీలికలో మొద్దు ఉలి పెట్టి కొద్దిగా తెరిచి ఆర్మ్‌ను కిందికి నొక్కితే ఊడుతుంది. ఇంకొన్ని కార్లలో కాడ కోసుగా ఉండి నట్టు, స్ప్లిట్ పిన్ ఉంటాయి. వాటికి నట్టును పూర్తిగా తీయకుండా చివరి రెండు చుట్లు ఉండేలా వదులు చేసి, పుల్లర్ బిగించి, కాడ దిగిన ఇనుప కంటి పక్కన సుత్తితో ఒక గట్టి దెబ్బ వేయాలి. కాడ కొస మీద సుత్తి వేస్తే మరలు చెడిపోతాయి. రెండుగా చీలిన ఫోర్కు పరికరం రబ్బరు టోపీని చీల్చేస్తుంది. బాల్ జాయింట్ మళ్ళీ వాడేవారు దాన్ని వాడవద్దు.

బాల్ జాయింట్ విడిపోయాక చక్రపు నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) బయటికి ఊగుతుంది. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. ఎక్కువ బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడిపోవచ్చు, బ్రేకు గొట్టం, ఏ.బి.ఎస్. తీగ సాగిపోవచ్చు. నకిల్‌ను వెంటనే ఒక తాడుతో స్ట్రట్‌కు కట్టేయండి.

చివరగా ఆర్మ్ లోపలి బోల్టులు. సులువుగా రాకపోతే ముందు కాస్త బిగించే వైపు తిప్పి, ఆపైన విప్పండి. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే తుప్పు వదులుతుంది. చట్రం లోపల వెల్డ్ చేసిన నట్టు తెగి తిరగడం మొదలైతే పని చాలా పెద్దదవుతుంది. అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

పాతది తీసి కొత్తది ఎక్కించడం

ఆర్మ్ బల్ల మీదకు వచ్చాక బుష్‌ను వెంటనే కొట్టేయవద్దు. మూడు గుర్తులు పెట్టుకోవాలి. మొదటిది, బుష్ ఏ వైపు నుంచి దూరింది. రెండోది, తొడుగు అంచు ఆర్మ్ బయటికి ఎన్ని మిల్లీమీటర్లు పొడుచుకు వచ్చింది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రబ్బరులోని ఖాళీలు ఏ దిశలో ఉన్నాయి. ఆ ఖాళీలు ఉన్న దిశలో బుష్ మెత్తగా, దానికి అడ్డంగా గట్టిగా ఉంటుంది. ఒక పావు చుట్టు తేడాగా ఎక్కిస్తే మెత్తగా ఉండాల్సిన వైపు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన వైపు మెత్తగా తయారవుతుంది. కొత్త బుష్ మీద బాణం గుర్తో గీతో ఉంటుంది. ఆర్మ్ మీద దానికి ఎదురుగా ఎక్కడ రావాలో మార్కర్‌తో గీయండి.

ప్రెస్ పని లేత్ దుకాణంలో చేయించడం నాకు నచ్చింది. మా దగ్గర ఉన్న చిన్న వర్క్‌షాపులో హైడ్రాలిక్ ప్రెస్ ఉంది. నడిపే ఆయనది మదనపల్లె. ఆర్మ్ చేతికి ఇవ్వగానే ఆయన అడిగిన మొదటి మాట, "సార్, ఈ గీత ఎటు రావాలి?" ఆ మాట విన్నాక నాకు నిశ్చింత కలిగింది. అడగని చోట మీరే చెప్పండి, పక్కన నిలబడండి.

ఇంట్లోనే చేయాలనుకుంటే 12 మిల్లీమీటర్ల హైటెన్సైల్ మరల కడ్డీ, మందపాటి వాషర్లు, సరైన కొలత గొట్టపు ముక్కలు కావాలి. ఒక వైపు బుష్ పట్టేంత వెడల్పు గొట్టం ఆర్మ్‌కు ఆనాలి. మరో వైపు బుష్ తొడుగు అంచుకు మాత్రమే తగిలే గొట్టం పెట్టాలి. నట్టు తిప్పుతుంటే బుష్ వెడల్పు గొట్టంలోకి జారుతుంది. మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మెత్తని కడ్డీ మరలు మధ్యలోనే రాలిపోతాయి. గ్రీజు కడ్డీ మరలకు, వాషర్లకు రాయండి, రబ్బరుకు కాదు.

పాత తొడుగు ఎంతకూ కదలకపోతే రబ్బరును డ్రిల్లుతో తొలిచి తీసి, హాక్సా బ్లేడు లోపలికి దూర్చి తొడుగును నిలువుగా కోయండి. తొడుగు మందం దాటి ఆర్మ్ ఇనుములోకి గాటు పడకూడదు. చివరి పొర మిగిలిందనిపించగానే ఆపి ఉలితో లోపలికి ముడవండి. రబ్బరును నిప్పుతో కాల్చి తీసే అలవాటు కొందరికి ఉంది. ఆ పొగ విషం, ఆ వేడికి బాల్ జాయింట్ గ్రీజూ టోపీ పాడవుతాయి. బేస్‌మెంట్‌లో ఆ ఆలోచనే వద్దు.

రంధ్రాన్ని సన్నని ఎమెరీ కాగితంతో తుడిచి, అంచున లేచిన పలుకులు రుద్దండి. కొత్త బుష్‌ను రాత్రి ఫ్రీజర్‌లో పెడితే సులువుగా దూరుతుందని చెబుతారు. 45 మిల్లీమీటర్ల ఉక్కు తొడుగు 40 డిగ్రీలు చల్లబడితే తగ్గేది సుమారు 0.02 మిల్లీమీటర్లు. దాని మీద ఆశ పెట్టుకోకండి. తొడుగు చుట్టూ సబ్బు నీళ్ళు రాస్తే చాలు. పెట్రోలియం గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు.

బుష్ తిన్నగా మొదలవ్వాలి. మొదటి మూడు, నాలుగు మిల్లీమీటర్లలో ఒరిగితే అక్కడే ఆపి వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి. ఒరిగినదాన్ని బలంతో సరిచేయబోతే రంధ్రం గీరుకుపోతుంది, ఆ తరువాత ఏ బుష్షూ అందులో గట్టిగా నిలవదు. బలం ఎప్పుడూ బయటి తొడుగు మీదే పడాలి. లోపలి గొట్టం మీద నొక్కితే రబ్బరు బంధం ఎక్కకముందే తెగిపోతుంది, పైకి మాత్రం కొత్తదిలాగే మెరుస్తుంది. రాసుకున్న మిల్లీమీటర్ల దగ్గర ఆపండి.

తిరిగి బిగించడం

ఆర్మ్‌ను చోటులో పెట్టి అన్ని బోల్టులూ ముందు చేత్తో ఎక్కించండి. చేత్తో మూడు చుట్లైనా తిరగని బోల్టుకు పానా పెట్టవద్దు. తరువాత బాల్ జాయింట్‌ను కొత్త నట్టుతో పూర్తి టార్క్‌కు బిగించి, స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తది వేయండి. బాల్ జాయింట్ తిరిగే భాగం కాబట్టి దీన్ని గాలిలో బిగించినా నష్టం లేదు. ఆర్మ్ లోపలి బోల్టులు మాత్రం సందు లేకుండా ఆనేంతవరకే బిగించి వదలండి.

ఇక చివరి బిగింపుకు రెండు దారులున్నాయి.

నాకు నచ్చిన దారి ఇది. లింకులు తగిలించి, చక్రాలు వేసి, కారును నేలకు దించండి. జాకీ దిగగానే కారు తన మామూలు ఎత్తుకు రాదు. టైర్లు లోపలికి ముడుచుకుని పట్టుకోవడం వల్ల రెండు, మూడు సెంటీమీటర్లు పైనే నిలుస్తుంది. అందుకే కారును చేత్తో నెట్టి ఒక మీటరు ముందుకు, ఒక మీటరు వెనక్కి కదిలించి, బానెట్ అంచున నాలుగైదు సార్లు నొక్కండి. ఉదయం రాసుకున్న కొలతతో సరిపోల్చండి. సరిపోయాక నడకకన్నా నెమ్మదిగా ఇనుప ర్యాంపుల మీదకు ఎక్కించి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, కిందికి వెళ్ళి బోల్టులను మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. ర్యాంపుల మీద కూడా బరువు చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ఆర్మ్ సరైన కోణంలోనే ఉంటుంది.

ర్యాంపులు లేనివారు రెండో దారి పడతారు. కారు స్టాండ్ల మీదే ఉండగా, బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, హబ్ నడిమధ్య నుంచి ఫెండర్ అంచుకు దూరం ఉదయపు కొలతకు వచ్చేవరకు ఎత్తి, అక్కడ బోల్టులు బిగించడం. ఫలితం ఒకటే, కానీ ప్రమాదం ఎక్కువ. ఆ ఎత్తుకు వచ్చేసరికి ఆ మూల బరువు దాదాపు మొత్తం స్ప్రింగు ద్వారా జాకీ మీదకు చేరి, పక్కనున్న స్టాండ్ ఖాళీ అవుతుంది. స్టాండ్ తల కారును వదులుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపి దించండి. ఈ పద్ధతిలో శరీరం కారు కిందికి పోకుండా, చక్రపు గూడు వైపు నుంచి చేయి మాత్రమే చాపి బిగించేలా ఉంటేనే చేయండి.

బిగించిన ప్రతి బోల్టు తల మీదా, దాని పక్క ఇనుము మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. తరువాత ఎప్పుడైనా వదులైతే గీత విడిపోయి కనిపిస్తుంది.

రోడ్డు మీదకు

చక్రాల నట్లను ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. మొదట బేస్‌మెంట్‌లోనే పది అడుగులు నడిపి బ్రేకు వేసి చూడండి. ఆపైన ఖాళీ వీధిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, తరువాత రెండు హంపుల మీద. శబ్దం ఉంటే ముందుకు వెళ్ళకుండా తిరిగి వచ్చి బోల్టులూ లింకూ చూడండి.

వీల్ అలైన్‌మెంట్ ఆ రోజే, కుదరకపోతే మర్నాడే చేయించండి. ఆర్మ్ విప్పి పెట్టాక టో కోణం (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారకుండా ఉండటం అరుదు. పాత బుష్ ఒరిగిన మేరకు ఎవరో ఇదివరకే సర్దిన కోణాలు కూడా ఇప్పుడు తప్పవుతాయి. అలైన్‌మెంట్ కాగితంలో ముందు, తరువాత అంకెలు రెండూ అడిగి తీసుకుని దాచండి. వంద కిలోమీటర్ల తరువాత చక్రాల నట్ల బిగింపు టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూసి, ఆర్మ్ బోల్టుల మీద గీసిన గీతలు ఒకసారి టార్చి వేసి పరిశీలించండి.

ఉగాదికి మళ్ళీ అదే దారిలో ఊరికి వెళ్ళాం. బాగేపల్లి టోల్ ముందు కొంచెం గట్టిగానే బ్రేకు వేశాను. స్టీరింగ్ ఎటూ లాగలేదు. ఇంటికి చేరాక టార్చి తీసుకుని కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. తెల్ల గీతలు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి.